జెండా ఎత్తిన చెయ్యి

పోయిన వారం మన కథ ఒక దెబ్బ దగ్గర ఆగింది. చేత్తోనూ కాలితోనూ ఆడే మా ఊళ్ళ ఫుట్‌బాల్‌లో, కింది తరగతికి ఎవరు పడిపోవాలో తేల్చే ఆటలో డ్రమ్‌కీల్ వాళ్ళు కిల్‌మోయిల్ మీద ఒక్క పాయింటు తేడాతో గెలిచారు. ఆ పాయింటు ఆఖరి నిమిషంలో వచ్చింది. అది పాయింటే కాదని, బంతి గుంజ బయటినుంచి పోయిందని అరుస్తూ కిల్‌మోయిల్ గోల్‌కీపర్ టొమాస్ గార్వన్ మైదానం మధ్యదాకా పరిగెత్తుకొచ్చి రిఫరీ మొహం మీద గుద్దాడు. ఆ రిఫరీ మా నాన్న, మలకీ.

ఇప్పుడు మా కారు వానలో ఇంటిదారి పట్టింది. ఎప్పుడూ నాన్నే నడుపుతాడు. ఈరోజు ఎడమ కన్ను వాచి మూసుకుపోవడంతో మా మావయ్య ఫెర్గల్ నడుపుతున్నాడు. వెనక సీట్లో బార్నీ, జార్లత్ అన్నదమ్ముల మధ్య ఇరుక్కుని నేను. ముగ్గురి ఒళ్ళోనూ మడతపెట్టిన అంపైర్ల తెల్లకోట్లు.

రిఫరీ తన నలుగురు అంపైర్లనీ తనే వెంటబెట్టుకెళ్ళాలి. ఒక్కో గోలు దగ్గర ఇద్దరు, గుంజకొకరు. బంతి గుంజల మధ్య పైనుంచి పోతే పాయింటని తెల్ల జెండా ఎత్తడం, బయటినుంచి పోతే రెండు చేతులూ ఊపడం వాళ్ళ పని. ఎవరొస్తారు? ఇంట్లోవాళ్ళు, పక్కింటివాళ్ళు, ఆదివారం వేరే పనిలేనివాళ్ళు. బార్నీకి, జార్లత్‌కి మా పొలం పక్కనే పొలం. ఇద్దరూ పెళ్ళి చేసుకోలేదు. బార్నీ ఇద్దరి మాటలూ కలిపి తనే మాట్లాడతాడు. జార్లత్ వింటాడు. ఫెర్గల్ మా అమ్మకి తమ్ముడు. అమ్మ పోయి రెండు చలికాలాలైంది. నేను మా అమ్మ జాగాలోకి వచ్చాను. అంతకుముందు ఆ నాలుగో కోటు ఆమెది.

వైపర్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి. చివరికి బార్నీకే ఉండబట్టలేదు.

"ఊనా, రెండో సగంలో మన గోలు దగ్గరికి బంతి వచ్చిందా?"

"ఒకసారి వచ్చింది. దారి తప్పి."

"నేను చూడనేలేదే!"

"నువ్వు గుంజకి చేరబడి కళ్ళు మూసుకున్నావు బార్నీ."

"కళ్ళు మూసుకోక ఏం చెయ్యను చెప్పు? కిల్‌మోయిల్ వాళ్ళు పదిహేనుమందీ గోలు ముందు గొర్రెల మందలా నిలబడతారు. డ్రమ్‌కీల్ వాళ్ళేమో ఆ మంద చుట్టూ బంతిని చేతిలోంచి చేతిలోకి వేసుకుంటూ తిరుగుతారు. అటు పోతారు, ఇటు వస్తారు, వెనక్కి పోతారు. నేనో కునుకు తీసి లేచేసరికి బంతి అదే మనిషి చేతిలో ఉంది. ఆ గట్టు మీద టికెట్టు కొని చూస్తున్నవాళ్ళని తలుచుకుంటే జాలేసింది."

నాన్న కిటికీలోంచి బయటికి చూస్తూనే అన్నాడు. "జనానికి సరదా కావాలంటే సర్కస్‌కి పోవచ్చు."

"సర్కస్‌కే పోతున్నారు. గట్టు మీద ఎంతమంది ఉన్నారో చూశావా?"

"డబ్లిన్‌లో కమిటీ వేశారుగా. అన్నీ మార్చేస్తారట. సంతోషించు."

ఆ సంగతి మా జిల్లాలో తెలియనివాళ్ళు లేరు. ముగ్గురు ఆటగాళ్ళు ఎప్పుడూ అవతలి సగంలోనే ఉండాలని, దూరంనుంచి తన్ని పాయింటు చేస్తే దాన్ని రెండుగా లెక్కెయ్యాలని, ఇంకా ఏవేవో అనుకుంటున్నారు. వచ్చే నెల జిల్లా సభలో రిఫరీల తరఫున మాట్లాడమని నాన్నని అడిగారు. ఆ మార్పులు వద్దనే నాన్న చెప్పబోతున్నాడు. ఎందుకు వద్దో మాకు వంటింట్లో చాలాసార్లు చెప్పాడు, ఇప్పుడు కారులోనూ చెప్పాడు.

"కిల్‌మోయిల్‌లో కాలు సత్తువున్న మగవాళ్ళు ఎంతమంది మిగిలారు? పదిహేనుమందిని పోగెయ్యడానికి వాళ్ళు ఇంటింటికీ తిరగాలి. అందరూ వెనక్కొచ్చి గోడ కట్టబట్టి ఇన్నాళ్ళూ నిలిచారు. ముగ్గుర్ని ముందు ఉంచమంటే ఆ గోడలో మూడు కంతలు పెట్టినట్టే. పట్నం జట్టు వచ్చి ముప్ఫై పాయింట్లు కొట్టి పోతుంది. అప్పుడు మీకు సరదాగానే ఉంటుంది. కిల్‌మోయిల్‌కి ఎలా ఉంటుంది?"

"ఇప్పుడెలా ఉంది?" అన్నాడు ఫెర్గల్ మావయ్య.

మైదానం వదిలాక అతను నోరు తెరవడం అదే మొదటిసారి. రోడ్డుమీంచి చూపు తిప్పలేదు.

"ఓడిపోయారు. కింది తరగతికి పోయారు. మాట్లాడకుండా బండి నడుపు," అన్నాడు నాన్న.

*

ఆట అయ్యాక అంపైర్లకి భోజనం పెట్టించడం రిఫరీ వంతు. మేం ఎప్పుడూ ఆగేది క్రాస్‌రోడ్స్ దగ్గరున్న హోటల్లోనే. నాన్న మొహం అలా ఉందని నేరుగా ఇంటికే పోదాం అన్నాను. ఆయన వినలేదు. దాక్కుని పోయినట్టుంటుందట.

ఆ హాల్లో ఆదివారం సాయంత్రం ఎప్పుడూ ఒకటే వాసన. కాల్చిన గొడ్డుమాంసం, ఉడికిన క్యాబేజీ, తడిసిన కోట్లు. వడ్డించే అమ్మాయి నాన్న కన్ను చూసి అడగకుండానే ఐసు ముక్కలు తువ్వాల్లో చుట్టి తెచ్చింది. అవతలి బల్లల దగ్గర నలుగురైదుగురు మమ్మల్ని చూసి గొంతులు తగ్గించారు. వార్త మాకంటే ముందే వచ్చింది.

నాన్న మాంసం నమలలేకపోయాడు. మెత్తగా మెదిపిన బంగాళాదుంపలో గ్రేవీ పోసుకుని చెంచాతో తింటున్నాడు. ఆ చెంచా పట్టుకున్న తీరు చూస్తే ఆస్పత్రిలో అమ్మ గుర్తొచ్చి తల తిప్పుకున్నాను.

"రేపు పొద్దున సార్జెంటు దగ్గరికి వెళ్తాను," అన్నాడు. "మైదానం దగ్గరే అడిగాడు, ఫిర్యాదు ఇస్తారా అని. ఇస్తాను."

బార్నీ ఫోర్కు ఆగింది. "జిల్లా బోర్డు ఎలాగూ వాణ్ణి ఆటలోంచి వెళ్ళగొడుతుంది కదా. పోలీసులదాకా ఎందుకు?"

"ఎందుకేంటి? నా మొహం చూడు."

"చూస్తూనే ఉన్నాను. అన్నం సయించడం లేదు. కానీ వాడు బడి పంతులు, మలకీ. కోర్టులో శిక్ష పడితే మళ్ళీ పిల్లల ముందు నిలబడనిస్తారా? ఇల్లు ఇప్పుడే కట్టుకున్నాడు, చంటిపిల్ల ఉంది."

"పంతులు కాబట్టే ఇస్తాను." నాన్న చెంచా పక్కన పెట్టాడు. "కొట్టినందుకు కాదు బార్నీ. ఇన్నేళ్ళలో నన్ను తోసినవాళ్ళున్నారు, ఉమ్మినవాళ్ళున్నారు. ఒక ముసలమ్మ గొడుగుతో పొడిచింది. ఎవరిమీదా పోలీసుల దగ్గరికి పోలేదు. వీడు అబద్ధమాడి కొట్టాడు. వాడు గోల్‌కీపరు, గుంజల మధ్యే నిలబడి ఉన్నాడు. బంతి ఎటు పోయిందో అందరికంటే బాగా కనిపించేది వాడికే. ఓడిపోయామన్న ఉక్రోషంతో, చూసి కూడా పాయింటు కాదని అరిచి, నన్ను దొంగ అన్నాడు. అలాంటివాడు పిల్లలకేం నేర్పుతాడు?"

"అబద్ధం కాదది," అన్నాడు జార్లత్.

మేమందరం అతనివైపు తిరిగాం. జార్లత్ తన కంచంలోకి చూస్తున్నాడు. క్యారెట్ ముక్కలన్నీ ఒక పక్కకి నెట్టి పెట్టుకున్నాడు.

"ఏంట్రా?" అన్నాడు బార్నీ.

"బంతి బయటికే పోయింది మలకీ. జానెడు బయటినుంచి."

పక్క బల్ల దగ్గర ఎవరో నవ్వారు, వేరే దేనికో. నాన్న కంటి మీద పెట్టుకున్న తువ్వాలు తీశాడు.

"నువ్వు అవతలి గుంజ దగ్గర ఉన్నావుగా జార్లత్."

"ఉన్నాను."

"బంతి నీ గుంజ పక్కనుంచి పోలేదు."

"పోలేదు. ఫెర్గల్ వైపునుంచి పోయింది. నేను చేతులు లేపాను, బయటికని ఊపడానికి. సగంలో ఉండగా చూస్తే తెల్ల జెండా లేచే ఉంది." కాసేపాగి అన్నాడు. "ఎవరి గుంజ పక్కనుంచి పోతే మాట వాళ్ళదే. చేతులు దించేశాను."

ఒక్క సాయంత్రంలో జార్లత్ అన్ని మాటలు మాట్లాడగా నేను వినలేదు. అయిపోయాక అతను క్యారెట్లు ఒక్కొక్కటే తినడం మొదలుపెట్టాడు.

నాన్న ఫెర్గల్ మావయ్య వైపు తిరిగాడు. నాన్న గొంతు మెత్తబడింది. మైదానంలో ఎవరైనా దెబ్బతిని పడితే ఆయన వంగి అడిగే గొంతు అది.

"వాన పడుతోంది ఫెర్గల్. వెలుతురు కూడా సరిగ్గా లేదు. బంతి గాలికి చివర్లో వంపు తిరిగింది, నేను కూడా చూశాను. అలాంటప్పుడు పొరబాటు ఎవరికైనా జరుగుతుంది. నాకూ జరిగింది, ఎన్నోసార్లు. పొరబడ్డావు. అంతేగా?"

అంతే అంటే అయిపోయేది. మునిగేవాడికి అందించినట్టు నాన్న అతని చేతికి కర్ర అందించాడు. అందుకుంటాడని నేను ఎదురుచూశాను.

"పొరబడలేదు," అన్నాడు మావయ్య. "నాకు చక్కగా కనిపించింది."

"మరి?"

"తెలిసే ఎత్తాను."

నాన్న తువ్వాలు బల్లమీద పెట్టాడు.

"డ్రమ్‌కీల్ వాళ్ళెవరైనా నిన్ను అడిగారా?"

"నన్నెవరడుగుతారు మలకీ? వారంలో నన్ను పలకరించేది పోస్టుమనిషి ఒక్కడు. అదీ వాన గురించి."

"అయితే ఎందుకు?"

మావయ్య టీ కప్పు రెండు చేతులతో పట్టుకున్నాడు. పెద్ద చేతులు. మా జిల్లా జట్టు తరఫున ఆడినవాడు ఆయన. ఎడమకాలితో ఎంత దూరంనుంచైనా తన్నేవాడని, ఆయన బంతి నేలమీద పెట్టి వెనక్కి అడుగులేస్తుంటే గట్టు మీద జనం పొగతాగే పైపులు నోట్లోంచి తీసి చేత్తో పట్టుకునేవాళ్ళని చెప్పేవాళ్ళు ఇంకా ఉన్నారు. నేను పుట్టేసరికి అదంతా అయిపోయింది.

"ఆ ఎర్రజుట్టు కుర్రాడున్నాడే, డ్రమ్‌కీల్ పదకొండో నంబరు. ఆటంతా వాణ్ణే చూశాను. బంతి చేతికొచ్చినప్పుడల్లా తల ఎత్తి గోలు వైపు చూసేవాడు. గట్టు మీంచి కోచ్ అరిచేవాడు, 'వద్దు, వద్దు, వెనక్కెయ్యి' అని. వెనక్కేసేవాడు. మళ్ళీ చూసేవాడు. మళ్ళీ అరుపు. కుక్కని గొలుసు పట్టి గుంజినట్టు. ఆఖర్లో స్కోరు సమానంగా ఉంది, అలాగే ముగిస్తే ఇంకో అరగంట ఆడించాలి. ఆ నరకం ఇంకో అరగంట. అప్పుడు వాడికి బంతి వచ్చింది. కోచ్ అరుస్తూనే ఉన్నాడు. వాడు వినలేదు మలకీ. అంత దూరంనుంచి, వానలో, ఒంటికాలి మీద తిరిగి తన్నాడు."

మావయ్య ఒక గుక్క టీ తాగాడు. మళ్ళీ అందుకున్నాడు.

"అలాంటి తన్ను చూసి ఎన్నేళ్ళయిందో. బంతి పైకి లేచి, అక్కడ ఆగినట్టు ఆగి, వంపు తిరిగి దిగింది. జానెడులో తప్పింది. నేను రెండు చేతులూ ఊపి బయటికి అనాలి. అంటే ఏమవుతుంది? కోచ్ వాణ్ణి తీసి బెంచీ మీద కూర్చోబెడతాడు. వాడు జన్మలో మళ్ళీ తన్నడు. ఈ గంటసేపట్లో ఆడింది ఒక్కడు. వాడిది తప్పు అనడానికి నాకు చేతులు రాలేదు. చూస్తే చేతిలో జెండా ఉంది."

"ఆ జెండా నీ సొంతమా?" అన్నాడు నాన్న.

గట్టిగా అనలేదు. బల్ల మీదికి వంగి, మాకు మాత్రమే వినపడేలా అన్నాడు.

"రూలు మారాలంటే సభకొచ్చి చెయ్యెత్తు. నాకెదురుగా నిలబడి మాట్లాడు. నన్ను ఓడించు. మైదానంలో నీకో రూలు రాసుకుని జెండా ఎత్తుతావా? దూరంనుంచి తన్నినవాడికి కనికరం చూపించాలని ఏ పుస్తకంలో ఉంది? ఆ కుర్రాడి మనసు చూశావు, బాగుంది. అవతల పదిహేనుమంది లేరూ? వాళ్ళకి మనసుల్లేవూ? కింది తరగతికి పడితే కిల్‌మోయిల్ వాళ్ళు వచ్చే ఏడు డ్రమ్‌కీల్‌లో కలిసిపోవాలి, తెలుసా నీకు? సొంత జట్టు ఉండదు. సొంత రంగు ఉండదు. వాళ్ళ తాతలు వేసుకున్న చొక్కా ఇక ఎవడూ వేసుకోడు. నీకు ఆట చూసి విసుగొచ్చిందని."

"తెలుసు."

"ఇదిగో, ఇది కూడా." నాన్న తన కన్ను చూపించాడు. "ఈ దెబ్బ నీది. నేను తిన్నాను. పోనీ నాదేముంది. కొట్టినవాడు నిజం చెప్పాడు. వాణ్ణి అబద్ధాలకోరు అన్నాను, మీ అందరి ముందూ. రేపు సార్జెంటు ముందు కూడా అనేవాణ్ణి."

బార్నీ మెల్లిగా అన్నాడు. "జరిగిందేదో జరిగింది. ఇక్కడున్న ఐదుగురికే తెలుసు."

"నాకు తెలియడం చాలు," అన్నాడు నాన్న. "బోర్డు సెక్రెటరీకి ఫోన్ చేస్తాను. అంపైరు తెలిసే తప్పు జెండా ఎత్తాడని చెప్తాను. మ్యాచ్ మళ్ళీ ఆడించమంటాను."

"చెయ్యి," అన్నాడు మావయ్య.

"నీ పేరు చెప్పాలి."

"చెప్పు మలకీ. నేనేం వద్దనలేదు." టీ కప్పులోకి చూస్తూ అన్నాడు. "అయితే ఇక ఆదివారాలు నేను రానక్కర్లేదు."

అడిగినట్టు అనలేదు. రేపు చెత్తబండి రాదు అన్నట్టు అన్నాడు. కానీ నాన్న చెయ్యి ఫోను మీదే ఆగిపోయింది. ఎందుకో నాకు తెలుసు. ఆఖరి రోజుల్లో అమ్మ ఆస్పత్రి మంచం మీంచి నాన్నని పెద్దగా ఏం అడగలేదు. పొలం సంగతి గానీ, నా పెళ్ళి సంగతి గానీ ఎత్తలేదు. "ఆదివారాలు వాణ్ణి కారులో ఎక్కించుకో. ఆ ఇంట్లో ఒక్కణ్ణీ వదిలెయ్యకు," అంది. అంతే. నేను అప్పుడు కిటికీ దగ్గర నిలబడి పూలకి నీళ్ళు మారుస్తున్నాను. మావయ్య ఇంట్లో గోడలు ఎలా ఉంటాయో, సోమవారంనుంచి శనివారందాకా అక్కడ ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో ఆమెకి తెలుసు. ఆ పెరట్లో ఉన్న పాత బావికి మూత వేయించింది కూడా ఆమే. ఎందుకని ఎవరూ అడగలేదు.

నాన్న ఫోను తీశాడు. కళ్ళజోడు కోసం జేబులు తడుముకున్నాడు. అది మైదానంలోనే విరిగిపోయింది.

"ఊనా, సెక్రెటరీ నంబరు చూడు," అన్నాడు.

నేను ఫోను అందుకుని నంబరు తెరమీదికి తెచ్చాను. సరిగ్గా అప్పుడే హాలు తలుపు తెరుచుకుంది.

*

టొమాస్ గార్వన్ ఇంకా గోల్‌కీపర్ చొక్కాలోనే ఉన్నాడు. పైన కోటు కూడా లేదు. వానకి జుట్టు నుదుటికి అంటుకుపోయింది. కుడిచేతికి ఏదో గుడ్డ చుట్టుకున్నాడు. మైదానంలో చూసినప్పుడు ఆరడుగుల మనిషిలా అనిపించాడు. ఇక్కడ, ఈ బల్లల మధ్య, చిన్నవాడిలా ఉన్నాడు.

బార్నీ కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. "చూడు బాబూ, ఇంకో దెబ్బ వెయ్యాలని వచ్చావేమో, ఇక్కడ ముందు నన్ను దాటాలి. నేను లావుగా ఉంటాను, టైం పడుతుంది."

"కూర్చోండి బార్నీ గారూ. కొట్టడానికి రాలేదు," అన్నాడు గార్వన్. మా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. నాన్న కన్ను చూసి తల దించుకున్నాడు.

"నేనిది చేశానా?"

"నువ్వే," అన్నాడు నాన్న.

"మా నాన్న కూడా రిఫరీగా చేశారు. ఆయన ఉంటే ఇవాళ నన్ను ఇంట్లోకి రానిచ్చేవారు కాదు." గొంతు సవరించుకున్నాడు. "క్షమించమని అడగడానికి వచ్చాను మలకీ గారూ. ఫిర్యాదు ఇవ్వొద్దని అడగడానికి కాదు. అది మీ ఇష్టం. ఇస్తే నేను ఒప్పుకుంటాను. నా ముందు వరసలో కూర్చునే పిల్లలే గట్టు మీద నిలబడి చూశారు. వాళ్ళకి నేనేదో చెప్పుకోవాలి. దానికోసం ఒక్కటి తెలియాలి. మిమ్మల్నే అడుగుదామని వచ్చాను."

"ఏంటి?"

"బంతి లోపలినుంచే పోయిందా?"

నాన్న తువ్వాలు మళ్ళీ కంటికి అద్దుకున్నాడు.

"నేను చూసింది నాకు తెలుసు," అన్నాడు గార్వన్. "బయటికి పోయింది. ప్రమాణం చేసి చెప్పగలననుకున్నాను. కానీ కారులో కూర్చుని గంటసేపు ఆలోచించాను. అంపైరుకి అబద్ధమాడాల్సిన పనేముంది? ఆ చివర నిలబడ్డది ఫెర్గల్ గారు. మా నాన్న ఆయన ఆట చూడ్డానికి నన్ను భుజాలమీద ఎక్కించుకుని తీసుకెళ్ళేవారు. అలాంటాయన తప్పు జెండా ఎందుకెత్తుతారు? నేనే ఓడిపోకూడదన్న పిచ్చిలో లేనిది చూశానేమో. అలా జరుగుతుంది కదా మనిషికి."

మావయ్య వైపు తిరిగాడు. "మీ ముందు నిలబడి మిమ్మల్ని తాగుబోతన్నాను. దొంగన్నాను. ఆ మాటలు నావి కావు అనలేను. నావే."

మావయ్య మొహం తెల్లగా పాలిపోయింది. కప్పు కింద పెట్టాడు. నోరు తెరిచాడు. ఏం చెప్పబోతున్నాడో మా నలుగురికీ తెలుసు. అవతలి బల్లల దగ్గర పదిమందిదాకా ఉన్నారు, అందరి చెవులూ ఇటే ఉన్నాయి. ఈ మాట ఆయన నోటినుంచి వస్తే పొద్దునకల్లా జిల్లా మొత్తానికి పాకుతుంది. పోస్టుమనిషి కూడా ఆ ఇంటి గేటు దగ్గర ఆగడు.

"టొమాస్," అన్నాడు మావయ్య. "అసలు ఏమైందంటే..."

"పాయింటే," అన్నాడు నాన్న.

నేను ఆయన వైపు చూశాను. నా జీవితంలో ఆయన అబద్ధమాడగా వినడం అదే మొదటిసారి. మామూలు గొంతే.

"గుంజకి లోపలినుంచే పోయింది. చివర్లో వంపు తిరిగింది కాబట్టి నీకు అలా కనిపించి ఉంటుంది. నేనూ చూశాను."

ఆయన నిలబడ్డ చోటునుంచి ఆ గుంజలు వానలో రెండు గీతల్లా కనిపించి ఉంటాయి, అంతే. జార్లత్ నెమ్మదిగా ఫోర్కు, చాకు పళ్ళెంలో పక్కపక్కన పెట్టాడు.

గార్వన్ చాలాసేపు నాన్న మొహంలోకి చూశాడు. వెతికినట్టు చూశాడు. తర్వాత తల ఊపాడు. ఊరట పడతాడనుకున్నాను. కానీ అతని భుజాలు కిందికి జారాయి.

"అయితే సరే," అన్నాడు. "నేను చూసింది నిజమైతే, కొట్టినందుకు సిగ్గుపడి బతికేవాణ్ణి. పిల్లలకి కూడా చెప్పుకునేవాణ్ణి, నిజం తెలిసినా చెయ్యి ఎత్తకూడదర్రా అని. చూసింది కూడా అబద్ధమైతే ఇంక చెప్పడానికేం లేదు. రేపు బడికి వెళ్ళి రాజీనామా ఇచ్చేస్తాను."

"తొందరపడకు," అన్నాడు నాన్న. "నేను ఫిర్యాదు ఇవ్వడం లేదు. సార్జెంటుకి చెప్తాను. ఉద్యోగం వదలాల్సినంత పని ఏం కాలేదు."

"మీరు మంచివారు." ఆ మాట విని నాన్న కళ్ళు దించుకున్నాడు. "కానీ ఇంకొక్కటి చెయ్యాలి మీరు. బట్టలు మార్చుకునే గదిలో నేనే మా కుర్రాళ్ళతో అన్నాను, మనల్ని దోచుకున్నారని. వాళ్ళు నమ్మారు. నేను చెప్తే నమ్ముతారు, అదే వచ్చిన చిక్కు. ఇప్పుడు మా ఊరి హాల్లో కూర్చుని తాగుతున్నారు. రేపు సాయంత్రం డ్రమ్‌కీల్ మీదికి పోతాం అంటున్నారు. ఆ ఎర్రజుట్టు కుర్రాడి పేరు ఎత్తుతున్నారు. నేను పొరబడ్డానని చెప్తే వినరు, నన్ను ఎవరో బెదిరించారనుకుంటారు. మీరు వచ్చి చెప్పండి. రేపు, వాళ్ళు బయల్దేరకముందు. మా హాల్లో, అందరి ముందూ."

"నేను చెప్తే వింటారా?"

"మీరొక్కరు చాలరు." గార్వన్ గుడ్డ చుట్టిన చెయ్యి మావయ్య వైపు చాపాడు. "ఆయన కూడా రావాలి. జెండా ఎత్తినాయన నోటితో చెప్తేనే వాళ్ళు చల్లబడతారు. లేకపోతే రేపు ఆ కుర్రాడికి ఏమన్నా అయితే, అది నేను అన్న మాటవల్లే అవుతుంది."

నాన్న బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాడు.

"వస్తాం," అన్నాడు.

గార్వన్ ఎడమచెయ్యి చాపాడు. నాన్న అందుకున్నాడు. మావయ్యకి కూడా చాపాడు. మావయ్య ఆ చేతిని చూస్తూ ఉండిపోయాడు, తర్వాత ముట్టుకుని వదిలేశాడు. గార్వన్ వెళ్ళిపోయాడు. నిలబడ్డ చోట నేలమీద నీళ్ళు మిగిలాయి. వడ్డించే అమ్మాయి తుడుపుగుడ్డ తేవడానికి లోపలికి వెళ్ళింది. అవతలి బల్లల దగ్గర మాటలు మళ్ళీ మొదలయ్యాయి.

సెక్రెటరీ నంబరు నా చేతిలోని ఫోనులో వెలుగుతూనే ఉంది. నాన్న నా చేతిలోంచి ఫోను తీసుకుని, ఆపేసి, జేబులో వేసుకున్నాడు.

"నీకోసమే చెప్పాను," అన్నాడు మావయ్యతో.

"తెలుసు. మా అక్క కోసం చెప్పావు." మావయ్య లేచి కోటు తొడుక్కుంటున్నాడు. కారు తాళాలు బల్లమీంచి తీసుకున్నాడు. "కానీ రేపు ఆ హాల్లో అందరూ నావైపు తిరిగి అడిగినప్పుడు నేనేం చెప్తానో నువ్వు అడగలేదు మలకీ."

నాన్న అప్పుడు కూడా అడగలేదు.